పేర్లు రాసిపెట్టిన మనిషి
సురవరం ప్రతాపరెడ్డి జీవితం – మన వలస కూలీలు

మే నెల 28వ తేదీ సురవరం ప్రతాపరెడ్డి జయంతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఆ రోజున ఆయన పటానికి దండలు వేస్తారు, ఉపన్యాసాలు చెబుతారు. ఆ రోజుల్లోనే మన బస్టాండ్లలో ఇంకొక దృశ్యం కూడా కనపడుతుంది. తొలకరికి సొంతూరు చేరుకోవాలని బొంబాయి, పూనా, బెంగుళూరుల నుంచి వచ్చి దిగిన కూలీ కుటుంబాలు. సంచుల్లో వంటగిన్నెలు, చంకన పిల్ల, తలమీద ముల్లె. సభకు పోయే పెద్దమనుషులు వాళ్ల పక్కనుంచే నడిచిపోతారు.

ఈ రెండింటికీ సంబంధం వున్నదని మేము కూడా చాలాకాలం అనుకోలేదు. మేము పెద్ద చదువులు చదివినవాళ్లం కాము. సంఘం ఆఫీసులో, ఊరి గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలే మాకు బడి. అట్లా చదువుకుంటూ పోగా, ఈ మట్టిలో పుట్టిన ఈ పండితుని జీవితంలో కూలీ సంఘాలవాళ్లం నేర్చుకోవలసింది ఒకటి వున్నదని తోచింది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రతాపరెడ్డి 1896లో గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ వున్న ఆ నేలను మనవాళ్లు నడిగడ్డ అంటారు. రెండు పక్కలా రెండు నదులు పారుతున్నా నడుమ చేను ఎండుతుండేది. ఆనాడు మన ప్రాంతం మీద పెత్తనం సంస్థానాధీశులది, జాగీర్దార్లది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ వైపున జటప్రోలు – ఇట్లా ఒక్కొక్క సంస్థానానికి ఒక్కొక్క కోట, ఒక్కొక్క కచేరీ. అందరి మీదా హైదరాబాదు నిజాం ప్రభుత్వం. కోటలో పండితులకు సన్మానాలు జరిగేవి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే వుండేది. కోట బయట వెట్టి చేసేవాళ్లకు ఏ బిరుదూ లేదు.

ప్రతాపరెడ్డి కలిగిన కుటుంబంలో పుట్టారు. ఈ సంగతి దాచిపెట్టనక్కరలేదు. చిన్ననాడే చదువు కోసం తుంగభద్ర దాటి కర్నూలు పోయారు. అది అప్పట్లో ఇంగ్లీషువాళ్ల రాజ్యం. అక్కడ సంస్కృతం, తెలుగు బాగా నేర్చారు. తర్వాత హైదరాబాదు నిజాం కాలేజీ, ఆ తర్వాత మద్రాసు. పట్టా పుచ్చుకున్నారు, న్యాయశాస్త్రం కూడా చదివారు. అంటే ఆయన కూడా ఊరు విడిచిపోయినవాడే. కాకపోతే చదువుకు పోయినవాడు పట్టాతో తిరిగివస్తాడు. కూలికి పోయినవాడు వెన్నునొప్పితో తిరిగివస్తాడు. ఏరు ఒకటే, దాటేవాళ్ల స్థితి వేరు.

ఆ రోజుల్లో కూలికి పోయినవాళ్లు లేరా అంటే, వున్నారు. బొంబాయి నగరంలో కామాఠీపురా అనే పేట వున్నది. ఆ పేరు మనవాళ్ల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం తెలుగు జిల్లాల నుంచి పోయి, బొంబాయిలో ఇళ్లు, రోడ్లు కట్టిన కూలీలను అక్కడివాళ్లు కామాఠీలు అన్నారు. ఆ నగరపు పునాదుల్లో మనవాళ్ల చెమట పడింది. పేట పేరు నిలిచింది. మట్టి మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాసిలేవు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తాము.

ప్రతాపరెడ్డి హైదరాబాదు చేరేనాటికి అక్కడ రెండు సమస్యలు ముదిరి వున్నాయి. ఒకటి భాష. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడం. కచేరీలో మాత్రం ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. ఒక దేశభాషలో పెద్ద చదువులు చెప్పడం మంచిదే. కాని రైతు భాష అది కాదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోతే గోలచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

రెండవది ఉద్యోగాలు. మొదటి సాలార్‌జంగు కాలం నుంచి ఉత్తరాది వాళ్లను తెచ్చి పెద్ద కొలువుల్లో పెట్టడం మొదలయింది. చదువుకున్న స్థానికులకు ఇది కంటగింపు అయింది. ఆ గొడవలోంచి వచ్చినవే ముల్కీ నిబంధనలు. 1919లో ఇచ్చిన ఫర్మానాలో ముల్కీ ఎవరో నిర్ణయించారు. ఈ రాజ్యంలో పుట్టినవాడు, లేదా 15 ఏళ్లు ఇక్కడ స్థిరంగా వుండి తిరిగిపోనని ప్రమాణం చేసినవాడు ముల్కీ. మిగిలినవాడు గైర్‌ముల్కీ.

ఇక్కడ మనం ఒక సంగతి పట్టుకోవాలి. గుమాస్తా కొలువుకు, తహసీల్దారు కొలువుకు నిబంధన రాశారు. తట్ట మోసేవానికి ఏ నిబంధనా రాయలేదు. కుర్చీకి పోటీ వస్తే ప్రభుత్వం కదిలింది. గడ్డపారకు పోటీ వస్తే అది యజమానికి లాభం కనుక ఎవరూ కదలలేదు. వలస గురించి చట్టసభల్లో, పత్రికల్లో జరిగిన తగాదాలు చాలావరకు చదువుకున్నవాళ్ల తగాదాలే. కూలివాని వలస మీద మాట్లాడినవాళ్లు తక్కువ.

హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో ఏర్పడింది. దానికి మూలపురుషుడు నగర కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డి. ఆయన వనపర్తి సంస్థానం రాయణిపేటలో పుట్టినవాడు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో తిండికి, నిద్రకు ఒక చోటు కావలసి వచ్చింది. ఆ హాస్టల్ బాధ్యతను ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి మోశారు, గ్రంథాలయం పెంచారు. మంచిదే. అయితే కొత్త ఊరికి పోయినవాడు ముందు తన కులాన్ని, తన ఊరివాణ్ణి వెతుక్కుంటాడన్న సత్యం కూడా ఇందులో వున్నది. ధనవంతునికి అది హాస్టల్ రూపంలో దొరికింది. కూలివానికి గుంపు మేస్త్రీ రూపంలో దొరుకుతున్నది.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలయింది. అంతకుముందు నల్గొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక 1922లో వచ్చాయి, కొద్దికాలానికే ఆగిపోయాయి. గోలకొండ పత్రిక నిలబడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. ప్రతాపరెడ్డే సంపాదకుడు. రాసేవాళ్లు చాలనప్పుడు మారుపేర్లతో తానే రాసి పేజీలు నింపేవాడు. నిజాం సర్కారు కళ్లు ఎప్పుడూ ఆ పత్రిక మీదనే. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి తెచ్చుకోవలసిన దినాలు అవి. పల్లెల్లో పటేలు పట్వారీల జులుం, వెట్టి బాధ, చదువులేమి – ఇవి అచ్చులో చూసుకోవడం జనానికి కొత్త. అచ్చులో పడ్డ బాధను లేదని అనడం ఏ అధికారికయినా కష్టమే.

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగితే అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. ఆనాటి సభ కోరికలు సంస్కరణలకు, చదువుకు సంబంధించినవి. భూమి దున్నేవానిదే అన్న మాట అప్పటికి ఆ వేదిక మీదికి రాలేదు. కాని వేదిక కట్టినవాడొకడు వుంటేనే తర్వాతివాడు దానిమీద నిలబడతాడు. అదే మహాసభ 1940ల్లో రావి నారాయణరెడ్డి వంటి వాళ్ల చేతికి వచ్చి, రైతుకూలీల సంఘమై, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి బాట వేసింది.

ఇక అసలు సంగతికి వస్తున్నాము. తెలంగాణంలో తెలుగు కవులే లేరని ఆ రోజుల్లో ఒక పండితుడు రాశాడు. ఆ మాటకు జవాబుగా ఎవరయినా తిట్టవచ్చు, సభ పెట్టి ఖండించవచ్చు. ప్రతాపరెడ్డి వేరే పని చేశారు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, కవుల పేర్లు, ఊళ్లు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేరు అన్న మాటకు, వీరే మేము అని లెక్కతో జవాబు. ఆ పుస్తకం వచ్చిన తర్వాత మళ్లీ ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. రాజులు, యుద్ధాలు, బిరుదులే చరిత్ర అనుకునే రోజుల్లో ఆయన జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు, ఏ వృత్తులు చేశారు అని వెతికారు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను అలంకారాల కోసం కాక, అందులోని అంగళ్లు, పొలాలు, పూటకూళ్ల ఇళ్ల కోసం చదివారు. చాళుక్యుల కాలం నుంచి 20వ శతాబ్దం మొదటి దాకా నడిచిన ఆ పుస్తకం చదివితే మాకు ఒక విషయం తేటతెల్లమయింది. తెలుగువాళ్లు ఎప్పుడూ ఒక్కచోట ముడుచుకుని కూర్చున్న జాతి కాదు. వచ్చినవాళ్లతో కలిశారు, పోయినచోట కలిశారు.

మన నోట నలిగే మాటలే చూడండి. రైతు అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఖరీఫ్, రబీ కూడా అంతే. మేస్త్రీ అన్నది పోర్చుగీసువాళ్ల మాట. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో పండే పల్లికాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన కారంలోని మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చిందే. ఇప్పుడు వీటిని పరాయివి అని ఎవరంటారు? మాట గాని, గింజ గాని, మనిషి గాని, వచ్చిన చోట పనికివస్తే అక్కడిదే అవుతుంది. కలవనీయకుండా అడ్డం పడేది భాష కాదు, కలిస్తే నష్టపోయేవాడు.

1952 ఎన్నికల్లో ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి కాంగ్రెసు పక్షాన హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ ఏడే ముల్కీ గొడవ మళ్లీ రగిలింది. వరంగల్లులో మొదలయి హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు మొదట్లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత ఏడాదికే, 1953 ఆగస్టు 25న, ప్రతాపరెడ్డి కన్నుమూశారు. 57 ఏళ్లే బతికారు. ఆయన చరిత్ర గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. అందుకోవడానికి ఆయన లేరు.

ఆయనలో లోటు లేదని మేము అనము. ఆయన భూమి వున్న వర్గం మనిషి. కవుల సంచికలో కవులు వున్నారు, ఆ కవులు తిన్న జొన్నలు పండించిన జీతగాళ్లు లేరు. ఆయన రాజకీయం మా రాజకీయం కాదు. కాని లెక్కలోకి రాని వాళ్లను లెక్కలోకి తేవాలన్న ఆయన పద్ధతి మనది. ఆయన ఆపిన చోటినుంచి మనం మొదలుపెట్టాలి.

ఆయన పోయిన తర్వాత పాలమూరు పేరు దేశమంతా తెలిసింది, మట్టిపని వల్ల. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడ పాలమూరు కూలీలు. కరువు ఒక కారణం. చెలక భూముల్లో ఒక్క పంట, అదీ వానదేవుని దయ. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగి, భూమి వున్నవాళ్లు కూడా కూలీలయ్యారు. కాని కరువే మనిషిని బొంబాయికి తీసుకుపోదు. తీసుకుపోయేది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. ఇంట్లో పెళ్లికో, రోగానికో, పాత అప్పుకో చేతిలో పైసలు పెడతాడు. పనికి ముందే కూలి అమ్ముడుపోతుంది. అప్పు తీరేదాకా రేటు అడిగే నోరు వుండదు. కూలీలు వెళ్లిపోతే ఊళ్లో మిగిలినవాళ్ల రేటు పెరగాలి కదా అని కొందరు చదువుకున్నవాళ్లు అడుగుతారు. నాట్లప్పుడు, కోతలప్పుడు కొంత పెరుగుతుంది, నిజమే. మిగతా రోజుల్లో ఊళ్లో వుండేది ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు. బేరం ఆడగలిగిన బలం బస్సెక్కి పోయింది.

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు కూలీల పేర్లు రిజిస్టరులో రాయాలి, పాసుపుస్తకం ఇవ్వాలి, దారి ఖర్చు ఇవ్వాలి. ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం, లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువయితే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలి. చట్టం మంచిది. మేము తిరిగిన ఊళ్లలో ఆ పాసుపుస్తకం చూసిన కూలీని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. తర్వాత ఆ చట్టాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరులో కోడ్ అమలులోకి వచ్చింది. అందులో ఆ స్థానభ్రంశ భత్యం లేదు. పేరు రాయనివాడు లేనివాడే అవుతాడని 2020 మార్చిలో అందరూ చూశారు. లాక్‌డౌన్ పెట్టినప్పుడు కూలీలు రోడ్లమీద నడుస్తుంటే, ఎంతమంది నడుస్తున్నారో ఏ ఆఫీసులోనూ సరయిన లెక్క లేదు.

ఇప్పుడు ఇంకొక మార్పు వచ్చింది. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా నీళ్లు పారి మన దిక్కు వరి పెరిగింది. గద్వాల వైపు పత్తి విత్తనాల సాగు ఎప్పటినుంచో వున్నది. పని పెరిగేసరికి బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి నాట్ల గుంపులు తెలంగాణకు వస్తున్నాయి. ఒకప్పుడు పంపిన నేల ఇప్పుడు పిలుస్తున్నది, పంపడం కూడా మానలేదు. మనవాడు పూనాలో ఇటుక మోస్తుంటే, వాని ఊళ్లో బీహారు వాడు నారు నాటుతున్నాడు.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక ఊళ్లో గుత్తకు నాటు వేయడానికి బయటి గుంపు ఒకటి దిగింది. ఎకరాకు మనవాళ్లు అడిగే దానికంటే తక్కువ. మన ఆడకూలీలు మా దగ్గరికి వచ్చారు. మేము ఆవేశంతో పోయి ఊరి మొదట్లోనే వాళ్లను ఆపేశాము. రెండు రోజులు చెట్టుకింద కూర్చుని వాళ్లు వెళ్లిపోయారు. గెలిచామనుకున్నాము. ఆ గుంపు పక్క ఊరికి పోయింది. రెండు రోజుల తిండి ఖర్చు మేస్త్రీ వాళ్ల పద్దులో రాశాడు. అది తీర్చడానికి ఇంకా తక్కువ రేటుకు ఒప్పుకున్నారు. వారం తిరగకముందే ఆ రేటే మా ఊరికి కూడా వచ్చింది. ఇక్కడ నారు ముదిరి నష్టపోయిన ఇద్దరు ముగ్గురు సన్నకారు రైతులు మామీద కోపం పెట్టుకున్నారు. మేము కొట్టిన దెబ్బ ఎవరికి తగిలింది? కూలీకి తగిలింది, చిన్న రైతుకు తగిలింది. మేస్త్రీ ఒక్కడే చెక్కుచెదరలేదు.

తర్వాత ఆ గుంపు వాళ్లతో వచ్చీరాని హిందీలో మాట్లాడితే తెలిసింది. వాళ్లదీ అడ్వాన్సే. ఇంట్లో పెళ్లే, రోగమే. మన వాళ్ల కథనే వేరే భాషలో విన్నట్టయింది. రేటు విరగ్గొట్టింది వాళ్ల భాష కాదు, వాళ్ల మెడలోని అప్పు. పూనాలో మన వాళ్ల రేటు విరిగేది కూడా ఆ అప్పుతోనే.

మరుసటి నాట్లకు మేము వేరే పని చేశాము. గుంపు దిగిన రాత్రే పోయి కూర్చున్నాము. నోటుబుక్కులో ఒక్కొక్కరి పేరు, ఊరు, జిల్లా, తీసుకున్న అడ్వాన్సు రాసుకున్నాము. ఊళ్లో నడిచే రేటు ఇది, దీనికి తగ్గవద్దు, తగ్గితే మీకూ మాకూ నష్టం అని చెప్పాము. కొన్ని ఊళ్లలో నిలిచింది, కొన్నింట్లో నిలువలేదు. నిలిచిన చోట మన ఆడకూలీలే వాళ్లకు కట్టెలు, నీళ్లు చూపించారు. మేస్త్రీకి అది నచ్చలేదు. తన దగ్గర తప్ప ఇంకెక్కడా వాళ్ల పేర్లు వుండకపోవడమే అతని బలం.

రైతు సోదరులకు ఒక మాట. కూలి పెరిగితే సేద్యం మునుగుతుందని భయపడుతున్నారు. మీ భయం మాకు తెలుసు. కాని ఎరువు ధర, విత్తనం ధర, కౌలు, వడ్డీ అన్నీ పెరిగితే అడగలేక, నోరులేని కూలి దగ్గరే కోత పెడితే ఎన్నాళ్లు గట్టెక్కుతారు? గిట్టుబాటు ధర కోసం మీరు కదిలితే కూలీలు మీ వెనుక వుంటారు. ఎక్కడినుంచో తక్కువ రేటు మనిషిని తెచ్చుకుంటే మీ వెనుక ఎవరూ మిగలరు.

ప్రతాపరెడ్డి ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 పేర్లు పోగుచేశారు. మన చేతిలో ఫోన్లు వున్నాయి, ప్రతి ఊళ్లో సంఘం సభ్యులు వున్నారు. ఈ జయంతి నాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో ప్రతి శాఖ రెండు జాబితాలు తయారుచేయాలని మేము కోరుతున్నాము. ఒకటి మన ఊరినుంచి పోయినవాళ్లది: ఎవరు, ఏ ఊరు పోయారు, ఏ మేస్త్రీ వెంట, ఎంత అడ్వాన్సు. రెండవది మన ఊరికి వచ్చినవాళ్లది: అవే ప్రశ్నలు, అవే గడులు. రెండూ ఒకే పుస్తకంలో వుండాలి. దానికి ఒక నకలు పంచాయతీకి, ఒకటి కార్మిక శాఖ ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

దండలు వేసేవాళ్లు వేస్తారు. మనం పటం ముందు ఆ పుస్తకం పెడదాం.